కంప్యూటర్ తీసే చీటీ – దాని చరిత్ర, దాని గుట్టు

చీటీలు వేసి తేల్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. అన్నదమ్ములు వాటాలు పంచుకునేటప్పుడు పెద్దమనుషులు కాగితం ముక్కల మీద పేర్లు రాసి, మడిచి, చెంబులో వేసి, ఏమీ తెలియని చిన్నపిల్లవాడి చేత తీయించేవారు. మన మూసాపేట, కూకట్‌పల్లి, బాలానగర్ బస్తీలలో నడిచే లక్కీ చీటీల్లోనూ ఇదే పద్ధతి. హజ్ యాత్రకు దరఖాస్తులు కోటాను మించిపోయినప్పుడు తీసే డ్రాను మనవాళ్లు ‘ఖుర్రా’ అంటారు. పేరు ఏదైనా కానివ్వండి, మూలసూత్రం ఒక్కటే. ఎవరి చీటీ వస్తుందో ముందుగా ఎవరికీ తెలియకూడదు. తీసేవాడికి కూడా తెలియకూడదు.

ఇప్పుడు చెంబు పోయి కంప్యూటర్ వచ్చింది. ఖుర్రా కంప్యూటర్ మీదనే తీస్తున్నారు. 2023లో గ్రేటర్ హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూం ఇళ్ల లబ్ధిదారులను కంప్యూటర్ డ్రాతోనే ఎంపిక చేశారు. ఎన్నికల్లో ఏ ఓటింగు యంత్రం ఏ పోలింగు కేంద్రానికి వెళ్లాలో కూడా కంప్యూటరే కలిపి పంచుతుంది. మన ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా ఒక చీటీయే. బ్యాంకు కంప్యూటర్ పది లక్షల చీటీల్లోంచి ఒకటి తీసి మనకు పంపుతుంది.

ఇక్కడే ఒక అనుమానం రావాలి. కంప్యూటర్‌కు సొంత బుద్ధి లేదు. చెప్పిన లెక్క చెప్పినట్లు చేయడమే దాని పని. అదే లెక్క మళ్లీ చేయమంటే అదే జవాబు వస్తుంది. అలాంటప్పుడు అది ఎవరికీ తెలియని చీటీ ఎలా తీస్తుంది? తీస్తే నమ్మవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు ఎనభై ఏళ్ల చరిత్రలో ఉంది. యంత్రం చేత చీటీలు తీయించినవారి కథ కొంత, ఆ చీటీని ముందుగానే చెప్పేసి గుట్టు రట్టు చేసినవారి కథ మరికొంత.

అల్ కిందీ నుంచి మొదలు

గుప్తలిపిని, అంటే రహస్యపు రాతను, విప్పే విద్య మీద మనకు దొరికిన అతి పాత గ్రంథం 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ కిందీ రాసినది. దాని ప్రతి ఇస్తాంబుల్‌లోని సులేమానియా గ్రంథాలయంలో బయటపడింది. ఆయన చెప్పిన ఉపాయం చాలా సులువైనది. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువసార్లు వస్తాయి, కొన్ని అరుదుగా వస్తాయి. మన తెలుగులో ‘లు’, ‘ను’ ఎన్నిసార్లు వస్తాయో, ‘ఙ’ ఎంత అరుదో చూడండి. ఒక అక్షరానికి బదులు మరొక గుర్తు పెట్టి రాసినా ఆ లెక్క మారదు. గుర్తులను లెక్కపెడితే అక్షరాలు వాటంతట అవే బయటపడతాయి.

దీనికి విరుగుడు కనిపెట్టడానికి వెయ్యేళ్లు పట్టింది. 1917లో అమెరికాలో గిల్బర్ట్ వెర్నమ్ అనే ఇంజనీరు టెలిప్రింటరులో ప్రతి అక్షరానికీ వేరొక తాళపు అక్షరాన్ని కలిపి పంపే పద్ధతి తెచ్చాడు. ఆ తాళపు వరుస పూర్తిగా చీటీలు తీసినట్టు ఉండాలి, సందేశం ఎంత పొడుగో అంత పొడుగు ఉండాలి, ఒక్కసారి వాడి పారేయాలి. ఈ మూడు షరతులూ పాటిస్తే ప్రపంచంలో ఎవరూ దాన్ని విప్పలేరని క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో గణితపరంగా రుజువు చేశాడు.

చెప్పడానికి బాగానే ఉంది. యుద్ధరంగంలో లక్షల అక్షరాల తాళపు వరుసలు ఎవరు రాస్తారు, ఎవరు మోస్తారు? అందుకని యంత్రం చేత ఆ వరుసను పుట్టిద్దామన్న ఆలోచన వచ్చింది. అసలు చీటీ పోయి, చీటీలాంటిది వచ్చింది. కష్టాలు అక్కడినుంచే మొదలైనాయి.

చూడని యంత్రాన్ని కాగితం మీద నిలబెట్టారు

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యపు పెద్ద అధికారులు లోరెంజ్ అనే యంత్రాన్ని వాడేవారు. 12 చక్రాలు తిరుగుతూ తాళపు వరుసను పుట్టించేవి. చూడటానికి ఏ క్రమమూ లేని వరుస. 1941 ఆగస్టు 30న ఏథెన్స్ నుంచి వియన్నాకు ఒక ఆపరేటరు సుమారు 4,000 అక్షరాల సందేశం పంపాడు. అవతలివాడు అందలేదు, మళ్లీ పంపు అన్నాడు. ఇతను చక్రాలను మార్చకుండా అదే స్థానంలో పెట్టి మళ్లీ కొట్టాడు. రెండోసారి విసుగుతో కొన్ని మాటలు కుదించి కొట్టాడు. అంతే, ఒకే తాళంతో రెండు వేర్వేరు రాతలు శత్రువు చేతికి చిక్కాయి.

ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో జాన్ టిల్ట్‌మన్ ఆ రెంటినీ ఒకదానితో ఒకటి కలిపాడు. తాళం రద్దయిపోయింది, రెండు సందేశాలు మిగిలాయి. వాటిని విడదీయడంతో 4,000 అక్షరాల తాళపు వరుస కూడా చేతికి వచ్చింది. దాన్ని 24 ఏళ్ల బిల్ టట్ ముందు పెట్టారు. అతను గళ్ల కాగితం మీద ఆ వరుసను రకరకాల పొడుగుల్లో రాసుకుంటూ పోయి, ఒక వరుసలో ప్రతి 41కి ఏదో తిరిగి వస్తున్నదని పట్టుకున్నాడు. అంటే 41 పళ్లున్న చక్రం అన్నమాట! 1942 మొదటికల్లా మొత్తం యంత్రం నిర్మాణాన్ని అతనూ, తోటివారూ తేల్చారు. ఆ యంత్రాన్ని వాళ్లెవరూ కంటితో చూడలేదు. యుద్ధం ముగిసేదాకా చూడలేదు. ఆ లెక్కలను వేగంగా చేయడానికి టామీ ఫ్లవర్స్ కట్టిన కొలోసస్ 1944 ఫిబ్రవరిలో పనిలోకి దిగింది. తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో అది ఒకటి. అంటే కంప్యూటర్ పుట్టుకలోనే, యంత్రం తీసిన చీటీని పసిగట్టే పని ఉంది. ఈ సంగతి మన విద్యార్థులు గుర్తు పెట్టుకోదగినది.

అంకగణితంతో చీటీలు

యుద్ధం తరువాత కంప్యూటర్లకు వేరే అవసరంతో చీటీలు కావలసి వచ్చాయి. అణుశాస్త్రంలో, సర్వేలలో, వేలాది సంఖ్యలను ఏ పక్షపాతమూ లేకుండా ఎన్నుకోవాలి. అంతకుముందు దీనికి పుస్తకాలు ఉండేవి. 1927లో టిప్పెట్ జనాభా లెక్కల పట్టికల నుంచి తీసిన 41,600 అంకెల పుస్తకం వేశాడు. 1955లో అమెరికాలోని ర్యాండ్ సంస్థ పది లక్షల అంకెల పుస్తకమే అచ్చు వేసింది.

కంప్యూటర్ లోపలే సంఖ్యలు పుట్టించాలని జాన్ వాన్ నాయ్‌మన్ 1946 ప్రాంతంలో ఒక చిట్కా చెప్పాడు. నాలుగంకెల సంఖ్య తీసుకోండి, వర్గం చేయండి, మధ్య నాలుగంకెలు ఉంచుకోండి. 5678 వర్గం 32239684; మధ్యన 2396. దాని వర్గం 05740816, మధ్యన 7408. తరువాత 8784. చూడటానికి బాగుంది. కానీ 2500తో మొదలుపెట్టి చూడండి. వర్గం 06250000, మధ్యన మళ్లీ 2500! 3792 కూడా అంతే. యంత్రం అక్కడే గానుగెద్దులా తిరుగుతుంది. ఈ లోపం వాన్ నాయ్‌మన్‌కు బాగా తెలుసు. అంకగణితంతో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించబోయేవాడు పాపం మూటగట్టుకుంటున్నట్టే అని ఆయనే చమత్కరించాడు.

తరువాత లెహ్మర్ 1949లో మరొక పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ ఎన్నో చోట్ల ఉన్నది అదే, దాని పిల్లలే. ఉదాహరణకు, ఉన్న సంఖ్యను 5తో గుణించండి, 3 కలపండి, 16తో భాగించి శేషం ఉంచుకోండి. 1తో మొదలుపెడితే 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, 7, 6, మళ్లీ 1. పదహారు సంఖ్యలూ ఒక్కొక్కసారి వచ్చాయి. ఎవరికీ అన్యాయం జరగలేదు అనిపిస్తుంది. కానీ కొంచెం జాగ్రత్తగా చూడండి. బేసి, సరి, బేసి, సరి! తప్పకుండా ఒకటి విడిచి ఒకటి వస్తున్నాయి.

ఇంకా ముందుకు పోదాం. గుణకం 5 అని, కలిపేది 3 అని మీకు ఎవరూ చెప్పలేదనుకోండి. 8, 11, 10 అన్న మూడు సంఖ్యలు మాత్రం చూశారు. 8 నుంచి 11కి తేడా 3. 11 నుంచి 10కి తేడా ఒకటి తక్కువ, 16 గంటల గడియారంలో అది 15. మూడును ఎంతతో గుణిస్తే 15 వస్తుంది? 5. గుణకం దొరికింది. 8ని 5తో గుణిస్తే 40, శేషం 8. కానీ వచ్చింది 11, కనుక కలిపింది 3. ఇక ఆ యంత్రం జీవితాంతం ఏ చీటీ తీస్తుందో మీరు ముందే చెప్పగలరు. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలిగిన లెక్క ఇది. నిజమైన యంత్రాల్లో 16కు బదులు చాలా పెద్ద సంఖ్య ఉంటుంది, అంతే తేడా. విప్పే దారి అదే.

1960లలో ఐబీఎం కంప్యూటర్లతో పాటు వచ్చిన ‘ర్యాండు’ అనే ప్రోగ్రామును ప్రపంచమంతా వాడింది. దానిలో గుణకం 65539. చివరి సంఖ్యను 6తో గుణించి, దాని ముందరి సంఖ్యకు 9 రెట్లు తీసివేస్తే తరువాతి సంఖ్య వచ్చేస్తుంది. 1968లో జార్జ్ మార్సాగ్లియా ఇలాంటి యంత్రాలన్నిటికీ ఉన్న రోగాన్ని బయటపెట్టాడు. మూడేసి సంఖ్యలను గదిలో చుక్కలుగా పెడితే అవి గది అంతా చెదరవు, పొరలు పొరలుగా పేరుకుంటాయి. ర్యాండు విషయంలో అవి 15 పొరలు మాత్రమే. ఆ సంఖ్యలను నమ్మి చేసిన పరిశోధనలెన్నో అనుమానంలో పడ్డాయి.

మన తెలుగువాడు చెప్పిన పాఠం

ఇక్కడ సి.ఆర్. రావుగారిని తలుచుకోవాలి. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి జగద్విఖ్యాతి పొందిన మహనీయుడు. 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గచ్చిబౌలి దగ్గర ఆయన పేరుమీద రోడ్డు ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరనే ఉన్న సంస్థలో గుప్తలిపి శాస్త్రం మీద పరిశోధన జరుగుతున్నది. మన మూసాపేట నుంచి ఐటీ కంపెనీలకు వెళ్లే పిల్లలు చాలామంది ఆ దారిలోనే వెళ్తారు గాని, ఆ పేరు ఎవరిదో ఎందరికి తెలుసు?

రావుగారు విద్యార్థుల చేత ఒక ప్రయోగం చేయించేవారు. ఆసుపత్రిలో వరుసగా పుట్టిన బిడ్డల్లో ఆడ, మగ ఎవరో రాసుకురమ్మనేవారు. సంచిలోంచి నల్లపూస, తెల్లపూస తీసి రాయమనేవారు. చివరికి ఏ సంచీ లేకుండా మనసులో ఊహించుకుని రాయమనేవారు. బిడ్డల వరుసా, పూసల వరుసా ఒకే తీరుగా కనిపించేవి. ఊహించి రాసినది మాత్రం లెక్కలో విడిగా బయటపడేది. ఎందుకంటే, మనిషి ‘ఇంతసేపూ మగే వచ్చింది, ఇప్పుడు ఆడ రావాలి’ అనుకుంటాడు. ప్రకృతి అలా అనుకోదు. మనిషి గానీ, మనిషి చేసిన యంత్రం గానీ చీటీని అనుకరించడం కష్టమని ఇంతకంటే తేలికగా చెప్పలేము.

దొంగను మించిన పరీక్ష లేదు

సర్వేకు కావలసిన చీటీ వేరు, రహస్యానికి కావలసిన చీటీ వేరు. సర్వేలో సంఖ్యలు సమంగా చెదిరి ఉంటే చాలు. రహస్యంలో అవతల ఒక తెలివైన దొంగ కూర్చుని ఉంటాడు. ఇంతవరకు వచ్చిన చీటీలన్నీ చూసి తరువాతిది ఏదో చెప్పాలని చూస్తాడు. కనుక అతనికి కూడా సగానికి సగం కంటే మెరుగ్గా ఊహించడం సాధ్యం కాకూడదు. ఈ గట్టి నియమాన్ని 1982లో మాన్యుయెల్ బ్లమ్, సిల్వియో మికాలీ, ఆండ్రూ యావో గణితభాషలో స్థిరపరచారు. 1998లో జపాను శాస్త్రజ్ఞులు ప్రచురించిన మెర్సెన్ ట్విస్టర్ అనే ప్రోగ్రాము సర్వే పనులకు ఎంతో మంచిది. కానీ దాని నుంచి వరుసగా 624 సంఖ్యలు చూసినవాడు తరువాతివన్నీ చెప్పేయగలడు. దానితో తాళంచెవులు చేయరాదు. ఈ తేడా తెలియక ఎందరో ప్రోగ్రామర్లు ఇప్పటికీ దెబ్బ తింటున్నారు.

తాళం గట్టిదే, చెవి దొరికింది

1995 సెప్టెంబరులో బర్కిలీలో చదువుకుంటున్న ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అనే ఇద్దరు విద్యార్థులు నెట్‌స్కేప్ బ్రౌజర్ రహస్యాన్ని ఛేదించారు. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో డబ్బు చెల్లించడానికి అందరూ నమ్ముకున్నది దాన్నే. వాళ్లు తాళాన్ని పగలగొట్టలేదు. తాళంచెవిని పుట్టించే యంత్రానికి మొదట వేసే విత్తనం ఏమిటో చూశారు. అది అప్పటి సమయం, కంప్యూటర్‌లో నడుస్తున్న పనికి ఇచ్చే వరుస నంబర్లు రెండు. అంతే! సమయం అందరికీ తెలిసినదే, నంబర్లు కొన్ని వేలలో ఉంటాయి. ఆ కంప్యూటర్ మీదనే ఖాతా ఉన్నవాడికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2006లో ఇంకో చిత్రం జరిగింది. తనిఖీ పరికరం ఏదో హెచ్చరిక చూపుతున్నదని, చక్కబెట్టబోయి రెండు వరుసలు తీసేశారు. విత్తనంలో కలిసే రహస్యమంతా ఆ వరుసల్లోనే ఉంది. మిగిలింది 32,768 రకాల విత్తనాలు మాత్రమే. చూడటానికి ప్రతి తాళంచెవీ పొడుగ్గా, గజిబిజిగానే ఉంది. నిజానికి ఊరంతటికీ అవే కొన్ని వేల చెవులు. సుమారు 20 నెలలు ఎవరూ గమనించలేదు. 2008 మేలో లూసియానో బెల్లో పట్టుకున్నాడు. ప్రపంచమంతటా తాళాలు మార్చుకోవలసి వచ్చింది.

2012లో నాడియా హెనింగర్, ఆమె మిత్రులు ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే తాళాలన్నిటినీ పోగుచేసి ఒకదానితో ఒకటి సరిపోల్చారు. వెయ్యి యంత్రాలకు ఐదింటి రహస్యపు చెవి బయటపడింది. పెట్టె విప్పి కరెంటు పెట్టగానే తాళం తయారుచేసుకునే చిన్న పరికరాలే వాటిలో ఎక్కువ. అప్పటికి వాటికి తగినంత విత్తనం లేదు. కనుక వేర్వేరు ఊళ్లలో ఉన్న రెండు పరికరాలు ఒకే ప్రధాన సంఖ్యను ఎన్నుకున్నాయి.

తాళం చేసినవాడే చెవి దాచుకుంటే?

పైవన్నీ పొరపాట్లు. కావాలని చేసినవీ ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ 2006లో నాలుగు యంత్రాలకు ఆమోదం తెలిపింది. వాటిలో ఒకటి డ్యూయల్ ఈసీ. అది మిగతావాటికంటే చాలా మందకొడి. దానిలో రెండు స్థిరమైన బిందువులు ఉంటాయి. వాటి మధ్య సంబంధం తెలిసినవాడు, యంత్రం నుంచి 32 బైట్లు మాత్రం చూసి తరువాతివన్నీ చెప్పగలడని 2007లో డాన్ షుమో, నీల్స్ ఫెర్గూసన్ చూపించారు. ఆ బిందువులను ఎవరు, ఎలా ఎన్నుకున్నారో ఎవరూ చెప్పలేదు. 2013 సెప్టెంబరులో స్నోడెన్ బయటపెట్టిన పత్రాల ఆధారంగా, దాని వెనుక అమెరికా గూఢచారి సంస్థ ఉన్నదని పత్రికలు రాశాయి. 2014లో ప్రమాణాల సంస్థ దాన్ని వాడవద్దని చెప్పవలసి వచ్చింది.

లాటరీ కథ ఇంకా దగ్గరిది. అమెరికాలో పలు రాష్ట్రాల లాటరీలు నడిపే సంఘంలో కంప్యూటర్ భద్రత చూసే ఎడీ టిప్టన్ అనే ఉద్యోగి, చీటీ తీసే ప్రోగ్రాములో రహస్యంగా కొన్ని వరుసలు చేర్చాడు. ఏడాదిలో కొన్ని ప్రత్యేకమైన తేదీల్లో డ్రా జరిగితే వచ్చే సంఖ్యలు ముందే లెక్క కట్టుకోవచ్చు. 2010 డిసెంబరు 29 డ్రాలో కోటీ అరవై లక్షల డాలర్లకు పైబడిన బహుమతి అలా తగిలింది. టికెట్టు ఎవరిదో చెప్పకుండా సొమ్ము అడగడంతో అనుమానం వచ్చి తీగ లాగారు. 2017లో అతను నేరం ఒప్పుకున్నాడు. 25 ఏళ్ల వరకు శిక్ష పడింది. యంత్రాన్ని పరీక్షించినవారు ఎందుకు పట్టుకోలేదంటారా? మిగతా రోజులన్నీ అది నిజాయితీగానే పనిచేసింది మరి!

మనం చేయవలసినది

హైదరాబాద్‌కు ఈ విద్య పరాయిది కాదు. 1967లో ఇక్కడ స్థాపించిన ఈసీఐఎల్ ఓటింగు యంత్రాలు చేస్తుంది. రిజర్వు బ్యాంకు 1996లో ఇక్కడ నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ బ్యాంకుల సాంకేతిక భద్రతకు సంబంధించిన పనులు చూస్తుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత మన పక్కనే వేలాది కంపెనీలు వెలిశాయి. ఇంటర్నెట్‌లో కార్డు వాడకానికి అదనపు రుజువు ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి నియమం పెట్టినప్పటి నుంచి ఓటీపీ మన ఇంటి మాట అయిపోయింది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఊరంతా చెబుతారు. అది మనం చేసే సగం పని. మిగతా సగం, దాన్ని పుట్టించే యంత్రం పని. ఆ ప్రోగ్రాము రాసేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. భాషతో పాటు ఉచితంగా వచ్చే మామూలు ర్యాండమ్ ఫంక్షనును ఆటలకు వాడుకోండి, తప్పులేదు. డబ్బుకూ, తాళానికీ మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే భద్రమైన యంత్రాన్నే వాడాలి. విత్తనాన్ని సమయం మీద ఆధారపడి వేయరాదు.

ఇక డ్రాల సంగతి. ఏ సంఘమైనా, ఏ కార్యాలయమైనా కంప్యూటర్‌తో డ్రా తీసేటప్పుడు మూడు పనులు చేస్తే అనుమానానికి తావుండదు. మొదట, పేర్ల జాబితాను వరుస నంబర్లతో ముందురోజే గోడకు అంటించాలి. రెండు, ఏ ప్రోగ్రాము వాడుతున్నారో అప్పుడే ప్రకటించి, తరువాత ముట్టుకోకూడదు. మూడు, విత్తనాన్ని డ్రా రోజున అందరి ఎదుటా పుట్టించాలి. ఒక పెద్దాయన, ఒక ఆడపిల్ల, దరఖాస్తుదారుల్లో ఒకరు వంతులవారీగా పాచికలు వేయనివ్వండి. ఒక పాతికసార్లు వేసి, వచ్చిన అంకెలను బోర్డు మీద రాసి, దాన్నే విత్తనంగా వేయండి. ఆ జాబితా, ఆ ప్రోగ్రాము, ఆ విత్తనం చేతిలో ఉన్నవారెవరైనా ఇంటికి వెళ్లి తమ కంప్యూటర్ మీద అదే డ్రా మళ్లీ తీసి సరిచూసుకోవచ్చు. కంప్యూటర్ చెప్పిన లెక్క చెప్పినట్లు చేస్తుందని మొదట లోపంగా చెప్పుకున్నాం కదా, ఇక్కడ అదే మనకు రక్షణ అవుతుంది.

పేరు రాని మనిషి ఎప్పుడూ బాధపడతాడు. అది సహజం. కానీ ‘నా నసీబు’ అనుకుని ఇంటికి వెళ్లడం వేరు, ‘నాకు అన్యాయం చేశారు’ అనుకుని వెళ్లడం వేరు. ఆ రెంటి మధ్య తేడాను నిలబెట్టడానికి ఇంత గణితం అవసరమైంది. మన చదువుకున్న యువకులు, యువతులు ఈ లెక్కలు నేర్చుకుని, వచ్చే డ్రాలో బోర్డు దగ్గర నిలబడి పెద్దలకు విడమరచి చెప్పాలని కోరుకుంటున్నాను.